గట్టి గమ్ ఏది అని అడిగేవాళ్లకి

లెదర్ పని కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నిటికన్నా గట్టి గమ్ ఏదండీ?" నేను ఎదురు ప్రశ్న వేస్తాను. దేన్ని దేనికి అంటిస్తున్నారు? అంటించాక కుట్టు వేస్తారా, లేదా? సగం మంది అక్కడే ఆగి ఆలోచనలో పడతారు. ఆ రెండూ తేలితే డబ్బా దానంతటదే తేలిపోతుంది.

కుట్టు వేసే పనైతే గట్టి గమ్ అక్కర్లేదు. పర్సు అంచులు మడిచేటప్పుడు, లైనింగ్ వేసేటప్పుడు, సూది దిగేదాకా ముక్కలు కదలకుండా ఉంటే చాలు. దానికి మామూలు రబ్బరు సొల్యూషన్ సరిపోతుంది. సైకిల్ ట్యూబ్‌కి పంక్చర్ వేసేటప్పుడు పూసే దాని జాతిదే అది. వంకరగా పడితే లేపి మళ్లీ పెట్టుకోవచ్చు. పక్కకి కారింది వేలితో రుద్దితే ఉండలు కట్టి రాలిపోతుంది. ఇలాంటి చోట సోల్స్‌కి వాడే గట్టి పసుపు గమ్, అంటే నియోప్రీన్ గమ్ పూస్తే ఒకసారి తాకిన ముక్క ఇక కదలదు, పైగా సూదికి జిగురు పట్టుకుని దారం లాగడమే ఒక పని అవుతుంది.

కుట్టు లేకుండా సోల్ నిలబడాలంటే మాత్రం నియోప్రీన్ కావాలి. 1930లలో డ్యుపాంట్ కంపెనీ బజారులోకి తెచ్చిన కృత్రిమ రబ్బరు ఇది. మనం కాంటాక్ట్ సిమెంట్ అని కొనే పసుపు గమ్ చాలావరకు ఇదే. గమ్‌ని పల్చగా ఉంచే ద్రావకం ఎగిరిపోయాక ఈ పొర తనకి తానే అంటుకుంటుంది, అందుకే రెండు వైపులా పూయాలి. ఆరాక కూడా వంగుతుంది. సూపర్ గ్లూ అలా వంగదు, నడిచేటప్పుడు పాదం మడత పడే చోట పెళుసుగా విరిగిపోతుంది. నియోప్రీన్‌కి ఇంకో గుణం, వేడి తగిలితే మెత్తబడుతుంది. సోల్ మార్చాల్సి వచ్చినప్పుడు హీట్ గన్ పెట్టి పాతది లాగేయొచ్చు.

తోలుకి తోలు, తోలుకి మామూలు రబ్బరు అయితే దీంతో ఇబ్బంది లేదు. చిక్కంతా రెడీమేడ్ సోల్స్‌తోనే. పీవీసీ సోల్‌ని మెత్తగా ఉంచడానికి అందులో నూనెలాంటి ప్లాస్టిసైజర్ కలుపుతారు. అది నెమ్మదిగా నియోప్రీన్ పొరలోకి ఊరి దాన్ని బంకలా మార్చేస్తుంది. కొత్తలో బ్రహ్మాండంగా అంటుకున్న సోల్ కొన్ని నెలలకి ఊడిపోతే అనుమానించాల్సింది దీన్నే. పీవీసీకి, పీయూ (పాలీయురెథేన్) సోల్‌కి పాలీయురెథేన్ గమ్ వాడాలి. దాన్ని పూసి, ఆరనిచ్చి, సుమారు 60-70 డిగ్రీల వేడి చూపించి, వెంటనే నొక్కాలి. టీపీఆర్ (థర్మోప్లాస్టిక్ రబ్బరు) సోల్‌కి గమ్ కన్నా ముందు దానికోసమే చేసిన ప్రైమర్, అంటే గమ్ పట్టేలా చేసే మొదటి పూత పూయాలి, లేకపోతే ఏ గమ్మూ సరిగ్గా పట్టదు. అందుకే సోల్ కొనేటప్పుడే అది ఏ రకమో అడిగి తెలుసుకుంటాను. చెప్పలేకపోతే ఆ సోల్ నాకొద్దు.

కొత్త డబ్బా తెరిస్తే నేను నేరుగా చెప్పుల మీద పూయను. అదే తోలు, అదే సోల్ నుంచి వేలెడు వెడల్పు ముక్కలు కోసి, అంటించి, ఒక రోజు వదిలేసి, చేత్తో పీకి చూస్తాను. గమ్ అంతా ఒకవైపే ఉండి రెండో వైపు శుభ్రంగా కనిపిస్తే, తప్పు ఆ శుభ్రమైన వైపుది: గరుకు చేయడం చాల్లేదు, లేదా నూనె, మైనం పోలేదు. గమ్ పొరే మధ్యలో చీలి, రెండు వైపులా దారాలు సాగితే, మందంగా పూశామనో సరిగ్గా ఆరలేదనో అర్థం. తోలు పీచే చిరిగి గమ్‌తో పాటు ఊడివస్తే ఇంకేం చూడక్కర్లేదు, తోలుకన్నా అతుకే గట్టిది. ఏ బ్రాండ్ గొప్ప అనే వాదనలన్నీ ఈ ముక్క ముందు తేలిపోతాయి.

తోలు పైవైపు నునుపుని శాండ్ పేపర్‌తో పీచు లేచేదాకా గీకాలి. లోపలి వైపు మొదటి పూతని పీల్చేస్తుంది కాబట్టి, అది ఆరాక రెండోది వేయాలి. అతికించే ముందు గమ్‌ని వేలి వెనక భాగంతో తాకితే జిగటగా అనిపించాలి, కానీ వేలికి అంటకూడదు. దానికి పది పదిహేను నిమిషాలు పట్టొచ్చు, చెమ్మ వాతావరణంలో ఇంకా ఎక్కువే. తడి మీదే అతికిస్తే ద్రావకం లోపలే చిక్కుకుని ముక్క జారుతుంది. మరీ ఆరిపోతే కొంచెం వేడి చూపిస్తే మళ్లీ జిగట వస్తుంది. ఆ తర్వాత గంటల తరబడి బరువు పెట్టి ఉంచడం దండగ. మధ్య నుంచి అంచులకి సుత్తితో గట్టిగా కొట్టుకుంటూ పోవడమే ముఖ్యం.

వాసన సంగతి తేలిగ్గా తీసుకోకండి. కొన్ని గమ్‌లలో టోలుయీన్, కొన్నిటిలో ఎన్-హెక్సేన్ అనే ద్రావకాలు ఉంటాయి. 1960లలో జపాన్‌లో ఇళ్లలో కూర్చుని చెప్పులు అంటించినవాళ్లకి హెక్సేన్ వల్ల కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి, నరాలు దెబ్బతిన్నాయి. కిటికీ తెరిచి, గాలి మీ ముఖం నుంచి పని వైపు పోయేలా కూర్చోండి. టోలుయీన్ లేకుండా బార్జ్ అనే గమ్ బ్రాండ్‌లోనే ఒక రకం ఉంది. రెనియా కంపెనీ ఆక్విలిమ్ లాంటి, ద్రావకం బదులు నీటితో చేసిన గమ్‌లు కూడా వచ్చాయి. నీటి గమ్ పాలలా తెల్లగా ఉండి ఆరాక పారదర్శకం అవుతుంది, ఎప్పుడు అతికించాలో కంటికే తెలుస్తుంది. బ్యాగులకి, లైనింగులకి నేను ఇప్పుడు అదే వాడుతున్నాను. నూనె బాగా ఎక్కించిన తోలుకి మాత్రం నాకింకా దాని మీద గురి కుదరలేదు.

డబ్బా చిన్నదే కొనండి. మూత తీసిన ప్రతిసారీ ద్రావకం కొంత ఎగిరిపోతూనే ఉంటుంది. చిక్కబడితే ఆ కంపెనీ థిన్నరే కలపాలి, చేతికందింది కాదు. జెల్లీలా గడ్డకట్టిన గమ్‌ని మాత్రం ఏ థిన్నరూ బాగుచేయలేదు, పారేయడమే.