ఏడో గుంత, మూడో మొక్క

జులై 29

నేరేడు కూడా పోయింది. పొద్దున ప్రార్థన గంటకు ముందే వెళ్లి కాండం మీద గోటితో గీసి చూశాను. లోపల పచ్చదనం లేదు, ఎండుపుల్లే. సరిగ్గా 25 రోజులు బతికింది. దానికి కట్టిన అట్టముక్క మాత్రం ఇంకా కొత్తగానే ఉంది, ఆరో తరగతి పిల్ల ముచ్చటగా రాసుకున్న పేరుతో సహా.

ఈ ఏడు వనమహోత్సవానికి మా బడిలో పెట్టినవి 24. అందులో 22 చిగురేశాయి, ఒకదాన్ని మేక కొరికింది. వాటి గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు. నా నిద్ర పాడుచేస్తున్నది కుళాయి పక్కనున్న ఏడో గుంత ఒక్కటే.

పోయినేడు జులైలో అక్కడ వేప పెట్టాం. 37 రోజులకు పోయింది. నీళ్లు నిలిస్తే వేపకు గిట్టదు కదా అనుకుని సెప్టెంబరులో కానుగ పెట్టాను. అది చౌడునూ ఓర్చుకుంటుంది, వాగొడ్డున తడిలోనూ నిలబడుతుంది. అయినా డిసెంబరు దాకా ఈడ్చి అదీ పోయింది. ఇప్పుడు నేరేడు. వేప పోతే తప్పు నాదనుకుంటాను గానీ, కానుగ కూడా పోయిందంటే ఆ గుంతలోనే ఏదో ఉంది.

మూడింటికీ జబ్బు ఒకటే. ముందు లేత ఆకులు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. తర్వాత అంచులు మాడతాయి, ఆకు ముడుచుకుని రాలుతుంది. ఇనుము లోపమని లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఇనుముండే ఉప్పు), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఎనిమిది రోజుల తేడాతో రెండుసార్లు కొట్టాను. వారం రోజులు పచ్చబడింది, మళ్లీ మామూలే. ఆకు మీద కొడితే ఆకు బాగుపడింది, అంతే. వేరు సంగతి వేరే.

జులై 30

తవ్వి తీశాను. వేరుముద్ద నాటిన రోజు కవరులోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. పక్క మట్టిలోకి ఒక్క వేరూ పోలేదు. అడుగు వేళ్లు నల్లగా, నలిపితే తోలు జారిపోతోంది. కుళ్లిన గుడ్డు వాసన. గుంత గోడలు చూసి ఆశ్చర్యపోయాను, కుండ లోపలిలా నున్నగా మెరుస్తున్నాయి.

అది మా నిర్వాకమే. 1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ గారు వనమహోత్సవం మొదలుపెట్టినప్పటి నుంచీ జులై మొదటి వారమే ముహూర్తం. మా దగ్గర ఆ వారానికి నల్లరేగడి ఒక్కోసారి ఇంకా రాయిలాగే ఉంటుంది. అందుకని ముందురోజు నీళ్లు కట్టి నానబెట్టి తవ్విస్తాం. తడి రేగడిలో గడ్డపార దింపితే అది గోడను పూతపూసినట్టు మూసేస్తుంది. మిగతా గుంతల్లోనూ ఇలాగే ఉండొచ్చు, కానీ అవి కిందనుంచైనా ఇంకుతున్నాయి. దీనికి ఆ దారి కూడా లేదు.

లోతు కొలిస్తే 38 సెంటీమీటర్లు. మేం 45 తవ్వామనుకుంటున్నాం! అక్కడ ఏదో గట్టిగా తగిలింది. నా టాటా అగ్రికో పికాసు ఎంత మొండి నేలకూ బెదరదు, అలాంటిది ఖంగుమని ఎగిరి పడింది. గీకి చూస్తే బూడిద రంగు పెళ్లలు. తరగతి గదులు కట్టినప్పుడు సిమెంటు మాలు కలిపిన చోటు అదే అయ్యుండాలి.

ఇంకుడు లెక్క. రెండు గుంతలూ ముందు ఒకసారి తడిపి, తర్వాత 35 సెంటీమీటర్ల ఎత్తుకు నీళ్లు నింపి స్కేలు గుచ్చాను. నాలుగు మీటర్ల అవతల ఉన్న ఎనిమిదో గుంత గంటా యాభై నిమిషాల్లో ఖాళీ. ఏడో గుంతలో 9:10కి 35 ఉన్నది మధ్యాహ్నం 1:10కి 32.5. మర్నాడు పొద్దున 9:10కి 21 (ఇది తర్వాత చేర్చాను). అంటే గంటకు అర సెంటీమీటరు, కాస్త పైన. గంటకు రెండున్నర సెంటీమీటర్లన్నా ఇంకకపోతే మొక్కకు ఇబ్బందే.

జులై 31

మట్టి ఒక వంతు, వాననీళ్లు రెండు వంతులు కలిపి పీహెచ్ కాగితం (7 కంటే తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం అని చెప్పేది) ముంచాను. ఏడో గుంత అడుగు మట్టి 9, ఎనిమిదోది 7.5కీ 8కీ మధ్య. పెళ్ల మీద వెనిగర్ పోస్తే బుసబుసమని నురగ. (రెండు ముళ్లు గుచ్చి చూసే బ్యాటరీ లేని పీహెచ్ మీటర్లు కొనకండి. నాది పొడిమట్టిలోనూ 7 చూపించింది, వెనిగర్‌లోనూ 7 చూపించింది. కాగితాలే మేలు.)

దొరికింది, సున్నమే దొంగ అనుకున్నాను. అనుమానంతో ముందే రెండు గుంతల అడుగు మట్టీ చెరో డబ్బాలో పోసి, కింద బెజ్జాలు పెట్టి, ఇరవయ్యేసి మెంతులు చల్లి ఉంచాను. ఎనిమిదో మట్టిలో 18 మొలిచాయి. ఏడో మట్టిలో 16! ఆకు కాస్త పాలిపోయింది గానీ బాగానే నిలబడ్డాయి. నీళ్లు కిందికి పోతే ఆ మట్టి అంత విషమేం కాదన్నమాట.

మరి అన్ని నీళ్లు ఎక్కడివి? మేం పోసేది రోజు మార్చి రోజు ఒక బిందె, అన్నిటికీ అంతే. సాయంత్రం చివరి గంట తర్వాత వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. బడి గేటుకు పోయే దారి ఏడో గుంత పక్కనుంచే. ఒక్కొక్కరూ వస్తారు, మూత తిప్పుతారు, సీసాలో మిగిలింది అందులో వంచేసి పోతారు. లెక్కపెట్టాను, 31 మంది. సగటున అరలీటరు వేసుకున్నా రోజుకు పదిహేను లీటర్లు.

ఒకడిని ఆపి అడిగాను.

"అది రోజూ వాడిపోతోంది కదా సార్, అందుకే దానికే పోస్తున్నాం."

ఏమంటాను? వేరు కుళ్లినా ఆకు వాడుతుంది, దాహమేసినా వాడుతుంది. నేనే రెండుసార్లు పొరపాటు పడ్డాను.

ఇప్పటికి నా అంచనా: ముంచింది నీళ్లు, కదలనివ్వనిది నున్నటి గోడలు, పసుపు పూసింది సున్నం. అన్నభేది పట్టుకుని నెల వృథా చేశాను.

ఆగస్టు రెండో వారంలో ఆ గుంతను మట్టితో మూసి, దానికి మీటరున్నర ఇవతల 30 సెంటీమీటర్ల ఎత్తున, నాలుగడుగుల వెడల్పున దిబ్బ పోసి దాని మీద కానుగ పెడతాను. నాటే ముందు కవరు చుట్టుకున్న వేళ్లను నిలువునా మూడుచోట్ల కోయాలి. మిగతా గుంతల గోడలను ముళ్లపారతో గీరాలి, అది వచ్చే ఏడు వనమహోత్సవానికి ముందే, నేల పొడిగా ఉండగానే. సీసాల నీళ్లకు గేటు దగ్గర బకెట్ పెట్టించాను, నిండితే పన్నెండో గుంతకు. అక్కడి చింతకు ఎంత పోసినా చాలడం లేదు.

విత్తన బంతుల జోలికి మాత్రం ఈసారీ పోను. సగం చీమలకే. దానికి బదులు రేల కాయలు ఏరి పెట్టాను. గింజ పైపెంకు గాజులా గట్టిది, ఊరికే పాతితే నెలలైనా మొలవదు. నర్సరీల్లో యాసిడ్ వాడతారు, పిల్లలతో ఆ పని కుదరదు. గోళ్ల కత్తిరితో అంచు ఒక్కటి కత్తిరించి రాత్రంతా నానబెడితే ఉబ్బుతుంది. నిన్న పది గింజలు అలా చేస్తే ఎనిమిది ఉబ్బాయి. ఏడో తరగతికి వంద గింజలు, పాతిక గోళ్ల కత్తెరలు కావాలి. అట్టముక్క పిల్లకు మొదటి మొలక నీదేనని ఇప్పటికే మాటిచ్చేశాను.