సమయమైనప్పుడు చూద్దాంలే

ఆశానిగ్రహం, అంటే కోరికలను అదుపులో పెట్టుకోవడం గురించి ప్రసంగం అంటే చాలావరకు 1 కొరింథీ 9వ అధ్యాయంలోని పరుగు పందెమే ఉంటుంది. నాకైతే అపొస్తలుల కార్యములు 24లోని ఫేలిక్సే ముందు గుర్తొస్తాడు. రోమా అధిపతి, భార్య ద్రుసిల్లతో కలిసి వచ్చి, ఖైదీగా ఉన్న పౌలును పిలిపించుకుని మరీ విన్నాడు. పౌలేమో నీతి గురించి, ఆశానిగ్రహం గురించి, రాబోయే తీర్పు గురించి మొహమాటం లేకుండా మాట్లాడాడు. ఫేలిక్సుకు భయమేసింది. ఇప్పటికి వెళ్లు, నాకు సమయమైనప్పుడు పిలిపిస్తానన్నాడు. పిలిపించలేదా అంటే చాలాసార్లే పిలిపించాడు, లంచం ముడుతుందేమోనన్న ఆశ కూడా ఉంది మరి! రెండేళ్లు గడిచి అతని స్థానంలోకి ఫేస్తు వచ్చేనాటికి పౌలు ఇంకా బంధకాల్లోనే ఉన్నాడు.

ఫేలిక్సు వాక్యాన్ని కాదనలేదు, ఎదిరించలేదు, వాయిదా వేశాడంతే. మనలో చాలామంది ఓడిపోయేది కూడా పెద్ద శోధన దగ్గర కాదని నా అభిప్రాయం. పొద్దున అలారం ఆపడానికి ఫోన్ తీస్తాం, బైబిల్ యాప్ తెరుద్దామనే అనుకుంటాం, ఈలోపు పైన ఏదో మెసేజ్ కనబడుతుంది, అది చూసి, స్టేటస్‌లు చూసి, ఎవరో పెట్టిన వాక్యం ఫొటోకి రెండు చేతులు జోడించిన బొమ్మ కొట్టి, తల ఎత్తేసరికి టైమ్ అయిపోయి ఉంటుంది. సరే, రాత్రికి ప్రార్థన చేసుకుందాంలే అనుకుంటాం. రాత్రికి మోకాళ్ల మీద ఉండగానే నిద్ర ముంచుకొస్తుంది.

దానియేలు 6వ అధ్యాయం అనగానే అందరం సింహాల గుహలోకి దూకేస్తాం గానీ, అసలు సంగతి పదో వచనంలో ఉంది. రాజుకు తప్ప ఎవరికీ ప్రార్థన చేయకూడదన్న శాసనం మీద సంతకం అయిందని తెలిసి కూడా దానియేలు ఇంటికి వెళ్లి, యెరూషలేము వైపు కిటికీలు తెరిచి ఉన్న పై గదిలో, అంతకుముందు చేసినట్టే రోజుకు మూడుసార్లు మోకాళ్లూనాడు. ఆ నిషేధం 30 రోజులకే. నెల తర్వాత మొదలుపెడదాం, దేవుడు అర్థం చేసుకుంటాడులే అని ఎంత తేలిగ్గా అనుకోవచ్చు! కానీ ఆయనకు ఆ రోజు కొత్తగా నిర్ణయించుకోవాల్సింది ఏమీ లేదు, అది రోజూ చేసే పనే.

ఆశానిగ్రహం ఆత్మఫలం కదా, పరిశుద్ధాత్మ మనలో పుట్టించేది, దానంతట అదే వస్తుందిలే అనేవాళ్లూ ఉన్నారు. ఫలం ఆత్మదే, నిజమే. కానీ పూర్ణ జాగ్రత్తతో ఆశానిగ్రహాన్ని అమర్చుకోమని పేతురు విశ్వాసులకే రాశాడు (2 పేతురు 1).

చేయాల్సింది చిన్నదే. ఫోన్ రాత్రే పక్క గదిలో పెట్టేయండి, అలారానికి మామూలు గడియారం చాలు. పొద్దున చదవాల్సిన చోట బైబిల్ తెరిచి ఉంచి పడుకోండి. ఒక్కసారే పది అధ్యాయాలు పెట్టుకోవద్దు, 117వ కీర్తన రెండే వచనాలు, దానితో మొదలుపెట్టినా ఫర్వాలేదు. పొద్దున తప్పిపోతే మధ్యాహ్నం భోజనానికి ముందు కూర్చోండి, సోమవారం నుంచనో కొత్త సంవత్సరం నుంచనో అనుకోవద్దు.