రెండు టోకెన్ నంబర్లు

బెంగళూరు పీణ్యాలో నేను పని చేసిన గార్మెంట్స్‌లో నాకు రెండు టోకెన్ నంబర్లు ఉండేవి. మొదట 1147, తర్వాత 3062. లైన్ మారలేదు, మెషిన్ మారలేదు, నా పక్కన కూర్చుని కఫ్‌లు కుట్టే అక్క కూడా మారలేదు. నంబర్ మాత్రం మారింది. ఆ మారడం వల్ల నేను పోగొట్టుకోబోయింది ఎంతో, పని మానేసి గ్రాట్యుటీ (ఐదేళ్ళు నిండినవాళ్ళకు మానేసేటప్పుడు కంపెనీ ఇవ్వాల్సిన డబ్బు) అడిగేదాకా తెలియలేదు.

మాది మడకశిర దగ్గర పల్లె. మా వైపు బోర్లు ఎండిపోయాక సగం ఊరు బెంగళూరు పోయింది. కన్నడం మాకు చిన్నప్పటి నుంచీ వచ్చు కాబట్టి అక్కడ భాషకు ఇబ్బంది పడలేదు. 2011 జూలై 18న హెల్పర్‌గా చేరాను. ఏడాదిన్నరలో టైలర్‌నయ్యాను, షర్టుకు కాలర్ అటాచ్ చేసే పని. టార్గెట్ అందకపోతే సూపర్‌వైజర్ పీసులు ముఖాన విసిరేవాడు. అది వేరే కథ, ఇక్కడ వద్దు.

2016 ఫిబ్రవరిలో పీఎఫ్ రూల్ మారింది. పని మానేసినా యజమాని వాటా 58 ఏళ్ళ దాకా చేతికి రాదట. మా ఫ్లోర్‌లో అందరికీ ఒకటే టెన్షన్. గార్మెంట్స్‌లో 58 దాకా ఎవరు కుడతారు? నలభై దాటేసరికి నడుము, కళ్ళు రెండూ పోతాయి. పీఎఫ్ అంటే మాకు ముసలితనం కోసం దాచుకున్న డబ్బు కాదు. పిల్ల పెళ్ళికో, బోరు అప్పుకో ఐదారేళ్ళకోసారి చేతికొచ్చే ఒకే ఒక్క మొత్తం. రూల్ గట్టిగా అమలయ్యేలోపే తీసేసుకోవాలని మాలో చాలామంది పరుగెత్తాం.

కానీ పీఎఫ్ మొత్తం తీసుకోవాలంటే పని మానేసి రెండు నెలలు ఖాళీగా ఉన్నట్టు ఉండాలి. దానికి ఆఫీసులోనే ఒక దారి చెప్పారు. "రాజీనామా రాసి ఇవ్వు, రెండు నెలలు ఆఫ్ రోల్‌లో, అంటే రికార్డులో పేరు లేకుండా చెయ్యి, తర్వాత మళ్ళీ జాయినింగ్ ఇస్తాం." టైప్ చేసిన ఇంగ్లిష్ కాగితం మీద సంతకం పెట్టాను. కాగితం ప్రకారం ఫిబ్రవరి 29న నా ఉద్యోగం పోయింది. మార్చి 1న మామూలుగానే ఎనిమిదిన్నరకు మెషిన్ ముందు కూర్చున్నాను. ఆ రెండు నెలల జీతం కవర్లో పెట్టి ఇచ్చారు. పీఎఫ్ కోత లేదు, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కోత లేదు. చేతికి నాలుగు డబ్బులు ఎక్కువొచ్చాయని సంతోషపడ్డాను కూడా.

ఏప్రిల్ 18న బొమ్మనహళ్ళి వైపు గార్మెంట్స్ ఆడవాళ్ళు హోసూరు రోడ్డు మీదికి వచ్చేశారు. ముందు ఏ పెద్ద నాయకుడూ పిలవలేదు. మరుసటి రోజు మా పీణ్యా వైపూ అదే. మేం మెషిన్లు ఆపి గేటు దాటాం. రోల్‌లో లేని నేను కూడా రోడ్డు మీద నిలబడ్డాను. రెండో రోజు సాయంత్రానికి అప్పటి కేంద్ర కార్మిక మంత్రి బండారు దత్తాత్రేయ రూల్ వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటించారు. మా మంత్రి తెలుగాయనే అని మా గదిలో ఒకటే నవ్వులు. ఏడు వారాల కింద నేను రాసిచ్చిన రాజీనామాను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. నేనూ అడగలేదు. మే 2న కొత్త టోకెన్ ఇచ్చారు. వచ్చిన పీఎఫ్‌తో అన్న బోరు అప్పు తీరింది.

2021 ఫిబ్రవరిలో మా అత్తకు పక్షవాతం వచ్చింది. చూసుకునేవాళ్ళు లేక నెలాఖరున పని మానేశాను. ఈసారి రాజీనామా జెరాక్స్ మీద ఆఫీసు ముద్ర వేయించుకున్నాను. సెటిల్‌మెంట్‌లో గ్రాట్యుటీ ఏదని అడిగితే హెచ్ఆర్ సార్ కంప్యూటర్ వైపే చూస్తూ చెప్పాడు. "మొదటిసారి నాలుగేళ్ళ ఏడు నెలలు, రెండోసారి నాలుగేళ్ళ పది నెలలు. ఐదేళ్ళు ఏదీ నిండలేదు కదమ్మా."

తొమ్మిదేళ్ళ ఏడు నెలలు పని చేసి ఐదేళ్ళు నిండలేదంటే ఏం మాట్లాడాలో తోచలేదు. మెట్లు దిగి వచ్చేశాను.

పక్క గది అక్క ఆదివారం నన్ను యూనియన్ ఆఫీసుకు తీసుకెళ్ళింది. అప్పటిదాకా యూనియన్ అంటే నాకు గేటు బయట కరపత్రాలు పంచేవాళ్ళే. సూపర్‌వైజర్ చూస్తాడేమోనని తీసుకోకుండా చేయి వెనక్కి లాక్కునేదాన్ని. అక్కడున్న యూనియన్ అక్క కూడా ఒకప్పటి టైలరే. నా కథ మొత్తం విని, "2016లో పీఎఫ్ తీశావా?" అని ఒకే ప్రశ్న అడిగింది. తలూపాను. ఆ ఏడాది రాజీనామాలతో వచ్చినవాళ్ళను తను చాలామందినే చూసిందట.

లెక్క ఆమే వేసి చూపించింది. అప్పట్లో గ్రాట్యుటీకి బేసిక్, డీఏ (కరువు భత్యం) మాత్రమే చూసేవారు. అటెండెన్స్ బోనస్, ఓటీ (అదనపు గంటల జీతం) కలిపేవారు కాదు. నాకు బేసిక్, డీఏ రెండూ కలిపి నెలకు 9,100. నెలను 26 రోజులుగా లెక్కేస్తారు కాబట్టి రోజుకు 350. ఏడాదికి 15 రోజుల జీతం, అంటే 5,250. చివరి ఏడాదిలో ఆరు నెలలు దాటితే దాన్ని పూర్తి ఏడాదిగా తీసుకుంటారు. అందుకని నావి పదేళ్ళు. మొత్తం 52,500 రూపాయలు. నా పీఎఫ్ మొత్తం ఎంతో అంత! దాన్ని వదులుకుని వస్తున్నానన్నమాట.

మొదటి మెట్టు ఫామ్ ఐ. కార్మికురాలు యజమానికి పెట్టుకునే దరఖాస్తు అది. పని మానేసిన 30 రోజుల్లో ఇవ్వాలి. చేత్తో ఇస్తే తీసుకోరు, తీసుకున్నా రసీదు ఇవ్వరు. అందుకే రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు పెట్టి పంపాం. ఆ గులాబీ రంగు కార్డు సంతకంతో తిరిగొచ్చిన రోజు దాన్ని బియ్యం డబ్బా కింద దాచాను. ఏప్రిల్‌లో కంపెనీ జవాబు వచ్చింది. హెచ్ఆర్ సార్ చెప్పిన మాటే, ఇంగ్లిష్‌లో.

తర్వాతది ఫామ్ ఎన్. ఇది కంట్రోలింగ్ అథారిటీకి పెట్టుకోవాలి, అంటే కార్మిక శాఖలో అసిస్టెంట్ కమిషనర్ స్థాయి అధికారికి. నేను ఆంధ్రకు వచ్చేసినా ఫ్యాక్టరీ ఉన్న చోటే కేసు. దీనికి 90 రోజుల గడువు. లాక్‌డౌన్ వల్ల నాకు అది దాటిపోయింది. ఆలస్యానికి కారణం రాసి, మన్నించమని అడుగుతూ ఇంకో కాగితం జత చేసి జూలైలో ఇచ్చాం. తగిన కారణం ఉంటే ఒప్పుకుంటారు, ఒప్పుకున్నారు. (నా కేసు 1972 నాటి గ్రాట్యుటీ చట్టం కింద నడిచింది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు వెళ్ళేవాళ్ళు ఫారాలు, గడువులు ఒకసారి అడిగి తెలుసుకోండి.)

కార్మిక శాఖ ఆఫీసు బెంగళూరు బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవన్. మడకశిరలో తెల్లవారుజామున బస్సెక్కి, మెజెస్టిక్‌లో దిగి, అక్కడి నుంచి సిటీ బస్సు. మొదటి వాయిదాకు కంపెనీ తరఫున ఎవరూ రాలేదు. రెండోదానికి హెచ్ఆర్ సార్ ఒక్కడే వచ్చి టైమ్ అడిగాడు. మూడోదానికి అధికారి లేడు, మీటింగ్ అట. పోయిన ప్రతిసారీ ఒక రోజు కూలి, బస్సు చార్జీ నాకే నష్టం. అత్తకు అన్నం పెట్టమని పక్కింటివాళ్ళను బతిమాలుకోవడం వేరే.

నాలుగో వాయిదాకు వకీలు వచ్చాడు. బయట వరండాలో యూనియన్ అక్కతో బేరం మొదలెట్టాడు. రెండో విడత నాలుగేళ్ళ పది నెలలను ఐదేళ్ళుగా తీసుకుని 26,250 ఇస్తాం, కేసు వదిలేయమన్నాడు. వాళ్ళు దయతో ఇస్తామన్నది కూడా కాదు. ఐదో ఏడాదిలో 240 రోజులు పని చేసి ఉంటే ఐదేళ్ళు నిండినట్టేనని మద్రాసు హైకోర్టు తీర్పు ఒకటి ఉంది, దానికి భయపడి ఇస్తున్నది. నాకైతే తీసేసుకుందామనిపించింది. ఇంట్లో మందులకే నెలకు రెండు వేలు అవుతోంది. యూనియన్ అక్క తీసుకోమనీ అనలేదు, వద్దనీ అనలేదు. "ఆ రెండు నెలలు నువ్వు లోపలే ఉన్నావని చూపించే కాగితం ఏదైనా ఉందా? వెతికి చూసి చెప్పు" అంది.

ఉన్నవన్నీ తీశాను. ఈఎస్ఐ నంబర్ 2011 నుంచి ఒకటే. అందులో చూస్తే 2016 మార్చి, ఏప్రిల్ రెండు నెలలే ఖాళీ. అంటే వాళ్ళ మాటకే సాక్ష్యం. జీతం కవర్లు ఎప్పుడో పారేశాను. తోటివాళ్ళను సాక్ష్యానికి పిలుద్దామంటే వాళ్ళు ఇంకా అక్కడే పని చేస్తున్నారు, ఎవరిని అడిగేది?

రేకు పెట్టెలో పాప టీకాల కార్డు కోసం చెయ్యి పెడితే దాని కింద క్రెష్ పుస్తకం దొరికింది. మా పాప 2014లో పుట్టింది. ఏడాది నిండాక నాతోపాటే ఫ్యాక్టరీలో పిల్లల్ని చూసుకునే గదికి, అంటే క్రెష్‌కు వచ్చేది. ముప్పై మందికి మించి ఆడవాళ్ళు పని చేసే ఫ్యాక్టరీలో క్రెష్ ఉండాలని అప్పటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది, అందుకే మాకూ ఒకటి ఉండేది. ప్రతి బిడ్డకూ ఒక చిన్న రూళ్ళ పుస్తకం. ఆయా రోజూ తేదీ వేసి, వచ్చిన టైమ్, పోయిన టైమ్, ఏం తినిందో కన్నడంలో రెండు ముక్కలు రాసేది. సాయంత్రం బిడ్డను తీసుకుపోయేటప్పుడు తల్లి సంతకం, టోకెన్ నంబర్. పాప క్రెష్ మానేసిన రోజు ఆయా ఆ పుస్తకాన్ని గుర్తుగా నా చేతిలో పెట్టింది.

మార్చి పేజీలు తిప్పాను. ఒక చోట రాగి సరి (పిల్లలకు పెట్టే రాగి జావ) ఒలికి మరక ఎండిపోయింది. "రెండు గంటలు నిద్ర." "జ్వరం, తల్లిని పిలిచాం." ప్రతి రోజు కిందా నా వంకర సంతకం, పక్కన 1147. ఆదివారాలు తప్ప మార్చి, ఏప్రిల్ రెండు నెలలూ ఉన్నాయి. ఏప్రిల్ 19న "మధ్యాహ్నమే పంపించాం, గలాటా" అని ఉంది. మేం రోడ్డు మీదికి పోయిన రోజు. ఫోన్లో చెబితే యూనియన్ అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పుస్తకం ఎవరికీ ఇవ్వొద్దు, నువ్వే పట్టుకుని రా" అంది.

విచారణ రోజు వకీలు రాజీనామా కాగితం నా ముందు పెట్టాడు.

"ఈ సంతకం నీదేనా?"

"నాదే సార్."

"ఎవరైనా బలవంతం చేశారా?"

చేశారని చెప్పమని యూనియన్ అక్క నాకు నేర్పలేదు. నేనూ అనలేదు. "బలవంతం లేదు సార్. పీఎఫ్ కోసం పెట్టాను. మరుసటి రోజు పనికి పోయాను" అన్నాను. తర్వాత పుస్తకం అధికారి చేతికి వెళ్ళింది. ఆమె నెమ్మదిగా పేజీలు తిప్పి, ఉద్యోగంలో లేని మనిషి బిడ్డ మీ క్రెష్‌లో ఎందుకుంది అని అడిగింది. వకీలు, "మానవత్వంతో ఉంచి ఉంటారు మేడమ్" అన్నాడు. "రోజూ సాయంత్రం 1147 అని సంతకం పెట్టింది ఎవరు మరి?" అని ఆమె మళ్ళీ అడిగింది. అతను టైమ్ కావాలన్నాడు. తర్వాతి వాయిదాకు క్రెష్ రిజిస్టర్ తెమ్మని ఆమె చెప్పింది. పాతది, పారేశాం అని రాసి ఇచ్చారు.

2022 ఏప్రిల్‌లో ఆర్డర్ వచ్చింది. సర్వీసు తెగలేదని, పదేళ్ళకు లెక్కగట్టి ఇవ్వాలని, ఆలస్యానికి ఏడాదికి 10 శాతం వడ్డీ కలపాలని. సరిగ్గా ఆ నెలే మా మడకశిర అనంతపురం నుంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది. కేసు కాగితాల్లో మాత్రం నేను ఇంకా అనంతపురం జిల్లాదాన్నే.

ఆర్డర్ రాగానే డబ్బు వస్తుందనుకోవడం నా అమాయకత్వం. నెల గడువు దాటింది, రాలేదు. అప్పీలుకు అరవై రోజులుంటుంది, కానీ అప్పీలు చేయాలంటే ముందు మొత్తం డిపాజిట్ చేయాలి. వాళ్ళు చేయలేదు. అప్పుడు ఫామ్ టీ. భూమిశిస్తు బకాయి వసూలు చేసినట్టు వసూలు చేయమని కలెక్టర్‌కు సర్టిఫికెట్ పంపించే దారి అది. కాగితం అక్కడిదాకా కదిలాక కంపెనీకి తొందర పుట్టింది. ఆగస్టు నెలాఖరున నా ఖాతాలో 60,375 రూపాయలు పడ్డాయి. 52,500 అసలు, 7,875 పద్దెనిమిది నెలల వడ్డీ. మెసేజ్ వచ్చినప్పుడు అత్తకు జావ తాగిస్తున్నాను. రెండుసార్లు చదువుకుని ఫోన్ పక్కన పెట్టి, మిగతా జావ తాగించాను.

ఇప్పుడు హిందూపురం దగ్గర గార్మెంట్స్‌లో చేస్తున్నాను. కొత్త టైలర్లు అప్పుడప్పుడు కాగితాలు తెచ్చి చూపిస్తారు. నేను ముందు చూసేది తేదీలు, టోకెన్ నంబర్. జీతం చీటీలు పారేయొద్దని, ఈఎస్ఐ నంబర్ మార్చనివ్వొద్దని చెబుతాను. వింటారు, కానీ చీటీలు పారేస్తూనే ఉంటారు. నేనూ అంతే కదా చేశాను.

క్రెష్ పుస్తకం ఇంకా కార్మిక భవన్ ఫైల్లోనే ఉంది. ఇవ్వమని అర్జీ పెట్టాను. జెరాక్స్ ఇచ్చారు, అందులో రాగి సరి మరక నల్లటి మచ్చలా పడింది. ఒరిజినల్ కోసం మళ్ళీ ఒకసారి వెళ్ళాలి.