నాన్నతో అరుణాచల గిరి ప్రదక్షిణ

అరుణాచలం నుంచి వచ్చి పదకొండు రోజులైంది. రాయాలా వద్దా అనే టెన్షన్‌లోనే ఇన్ని రోజులూ గడిచిపోయాయి. చివరికి నాన్ననే అడిగితే, "పేర్లు లేకుండా రాయి, ఎవరికో ఒకరికి పనికొస్తుంది" అన్నాడు.

నాన్న 2006లో ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఎవరో ఆవిడతో వెళ్ళిపోయాడని చుట్టాలంతా అన్నారు. అమ్మ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. నెలనెలా ఆయన డబ్బులు పంపేవాడు, ఆ డబ్బుతోనే చదువుకున్నాను, ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇంకా మండేది. రెండుసార్లు నన్ను చూడటానికి వస్తే గదిలోంచి బయటికి రాలేదు. నా పెళ్ళికి పిలవలేదు. అలా పద్దెనిమిదేళ్ళు గడిచాక ఒకరోజు మెసేజ్ పెట్టాడు: "మోకాలికి ఆపరేషన్ చేయాలంటున్నారు. ఈలోపు ఒక్కసారి గిరి ప్రదక్షిణ చేయాలని ఉంది. నాతో నడుస్తావా?" నేను వెళ్ళనన్నాను. అమ్మే "వెళ్ళిరా" అంది. ఎందుకని అడిగితే కూరగాయల బుట్ట తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పౌర్ణమికి లక్షల్లో జనం ఉంటారు కాబట్టి కావాలనే మామూలు రోజు చూసుకున్నాం. తెల్లవారుజామున మూడింటికి రాజగోపురం ముందు కలుసుకున్నాం. పదకొండు అంతస్తుల గోపురం, 217 అడుగులు. దాని కింద నిలబడ్డ మనిషిని ముందు గుర్తుపట్టలేదు, జుట్టంతా తెల్లబడిపోయింది. చిన్నప్పుడు "నువ్వు" అనేవాణ్ణి. ఆ రోజు నోట్లోంచి "ఎప్పుడొచ్చారు?" అని వచ్చింది. ఆయన ముఖం కాస్త వాడిపోయింది కానీ ఏమీ అనలేదు.

మొత్తం పద్నాలుగు కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా నడక. కొండ ఎప్పుడూ కుడివైపే ఉంటుంది. దారి పొడవునా ఇంద్ర లింగంతో మొదలుపెట్టి ఈశాన్య లింగం దాకా ఎనిమిది లింగాలు. ఆ వేళకి చిన్న గుళ్ళన్నీ మూసే ఉన్నాయి, బయటి నుంచే దండం పెట్టుకుని ముందుకి సాగాం. వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట, ఎండెక్కితే తారు రోడ్డు మీద పాదం పెట్టలేరు, చీకటి ఉండగానే మొదలుపెట్టండి.

అగ్ని లింగం దాటాక రమణాశ్రమం వచ్చింది. గేటు దగ్గర నాన్న ఆగాడు. రమణ మహర్షి 1896లో పదహారేళ్ళ వయసులో ఎవరికీ చెప్పకుండా మదురై నుంచి ఇక్కడికి వచ్చేశారు. వస్తూ ఇంట్లో ఒక చీటీ పెట్టారు, నా తండ్రిని వెతుక్కుంటూ వెళ్తున్నానని. కింద సంతకం కూడా పెట్టలేదు. ఇదంతా నాకూ తెలుసు. నాన్న మాత్రం అప్పుడే విన్నట్టు మళ్ళీ మొదటి నుంచి చెప్పుకొచ్చి, "నేను నీకు ఆ మాత్రం చీటీ కూడా పెట్టలేదు" అన్నాడు.

యమ లింగం దాటిన తర్వాత చెప్పాడు. నా వైపు చూడలేదు, కొండ వైపే చూస్తున్నాడు. భుజం మీది తువ్వాలు అంచున ఒక పోగు ఊడి ఉంది, దాన్ని చూపుడువేలికి చుడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ చుడుతున్నాడు. "నాకు ఆడవాళ్ళ మీద ఎప్పుడూ ఆ ఇష్టం కలగలేదు రా. మగవాళ్ళ మీదే. ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. ఇప్పుడు గే అంటున్నారు కదా, అదే." దీపస్తంభం కింద చూస్తే ఆ వేలి కొస తెల్లగా పాలిపోయి ఉంది.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "మరి ఆవిడెవరు?"

"ఏ ఆవిడా లేదు రా."

ఇన్నేళ్ళూ నేను తిట్టుకున్న ఆడమనిషి అసలు లేనే లేదు. నేను గబగబా ముందుకి నడిచేశాను. కోపమో, భయమో, ఏమిటో తెలియదు. చాలా దూరం పోయాక వెనక్కి తిరిగితే ఆయన మోకాలు పట్టుకుని రోడ్డు పక్కన అరుగు మీద కూర్చుని ఉన్నాడు, నన్ను పిలవలేదు. వెనక్కి వెళ్ళి పక్కన కూర్చున్నాను.

అక్కడే చాలాసేపు మాట్లాడుకున్నాం. పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయనుకున్నాడట. 1990లో పెళ్ళి. సర్దుకోలేదు. సర్దుకోదు కూడా, అది రోగం కాదు కాబట్టి. కొడుకు అలాంటివాడని తెలిసీ పెళ్ళి చేసేస్తే మారతాడనుకునే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళకి చేతులెత్తి దండం పెట్టి చెప్తున్నాను, అలా చేయకండి. ఆ పెళ్ళిలోకి వచ్చే అమ్మాయి ఏం పాపం చేసింది? మా అమ్మ ఏం పాపం చేసింది?

2006లో, వెళ్ళిపోయే ముందు రాత్రి అమ్మకి అంతా చెప్పాడట. అమ్మ రాత్రంతా మాట్లాడలేదట, పొద్దున "వాడు పెద్దయ్యేదాకా చెప్పకండి" అని మాత్రం అందట. అప్పటికి శిక్షాస్మృతి 377 సెక్షన్ కింద మగవాళ్ళ మధ్య శారీరక సంబంధం నేరం. ఎవరికైనా తెలిస్తే పోలీసులు, బెదిరింపులు, ఉద్యోగం పోవడం, ఆ భయాలన్నీ చెప్పుకొచ్చాడు. నేను వింటూనే ఉన్నాను, ఒక్కసారిగా ఆగలేకపోయాను. "భయపడ్డావు సరే. నా టెన్త్ రిజల్ట్ వచ్చిన రోజు ఫోన్ చేయడానికి కూడా ఆ చట్టమే అడ్డొచ్చిందా నీకు?"

నాన్న నన్నే చూస్తున్నాడు. "నువ్వు అన్నావు," అన్నాడు. కళ్ళలో నీళ్ళు. కాసేపటికి, "చేశాను రా. నువ్వే ఎత్తావు. నోరు పెగల్లేదు, పెట్టేశాను" అన్నాడు. అలాంటి ఫోన్ వచ్చినట్టు నాకు గుర్తు లేదు. గుర్తుంటే ఎంత బాగుండేదో.

ఆయన తప్పు లేదని నేననను. గే కావడం తప్పు కాదు, పద్నాలుగేళ్ళ పిల్లాణ్ణి ఏ మాటా చెప్పకుండా వదిలేయడం తప్పే. ఆ మాటే ఆయనతో అన్నాను. "అవును" అన్నాడు. ఒక్క సాకు కూడా చెప్పలేదు.

ఆది అణ్ణామలై గుడి దగ్గరికి వచ్చేసరికి తెల్లవారింది. అక్కడ అడిగాను, నీకు ఎవరైనా ఉన్నారా అని. ఉండేవాడట. తొమ్మిదేళ్ళు కలిసి ఉన్నారు. 2013 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు అది నేరమేనని మళ్ళీ చెప్పినప్పుడు ఇద్దరూ భయపడి కొన్నాళ్ళు వేరు వేరు ఇళ్ళలో ఉన్నారట. 2018 సెప్టెంబర్ 6న తీర్పు మారింది. ఆ పొద్దున ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. అప్పటికి నాన్నకి యాభై నాలుగేళ్ళు. "ఇంక నేను నేరస్థుణ్ణి కాదు అనుకోవడానికి అన్నేళ్ళు పట్టింది రా నాకు" అన్నాడు. నాలుగేళ్ళ క్రితం ఆయన పోయారు. వాళ్ళవాళ్ళకి రూమ్మేట్‌నని చెప్పుకుని నాన్న శ్మశానంలో అందరికన్నా వెనక నిలబడ్డాడు. ఈ ప్రదక్షిణ ఇద్దరూ కలిసి చేయాలనుకున్నదట. అందుకే మోకాలు సహకరించకపోయినా వచ్చాడు.

"ఆయన పేరేంటి నాన్నా?" అని అడిగాను. చెప్పాడు. కుబేర లింగం దగ్గర ఆ పేరు మనసులో తలుచుకుని నేనూ దండం పెట్టుకున్నాను.

చివరి రెండు కిలోమీటర్లు నా భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. ఈశాన్య లింగం దాటి మళ్ళీ గోపురం దగ్గరికి చేరేసరికి తొమ్మిదైంది. ఆయన్ని నీడలో కూర్చోబెట్టి, కాస్త పక్కకి వచ్చి అమ్మకి ఫోన్ చేశాను. ఏమని మొదలుపెట్టాలో తెలియక ఊరికే నిలబడ్డాను.

"చెప్పాడా?" అంది అమ్మ.

ఊఁ అన్నాను.

కాసేపు అటు నుంచి ఏమీ వినిపించలేదు. తర్వాత అడిగింది, "మోకాలు ఎలా ఉంది ఆయనకి?"