లెక్క అడిగిన ఆదివారం

గత ఆదివారం ఆరాధన ముగిసి, చాపలు చుట్టి పెట్టిన తరువాత, సంఘ పెద్దలం ముగ్గురం మా చర్చి కాపరి (పాస్టరు) ఎదుట కూర్చున్నాము. కానుకల లెక్క అడిగినవారిని "దైవజనుణ్ణి ప్రశ్నిస్తే శాపం తగులుతుంది" అని ఆయన బెదిరించడం వల్ల రెండు కుటుంబాలు మందిరానికి రావడమే మానుకున్నాయి. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే సంఘ పెద్ద మీద నింద అంగీకరించవద్దని, అయితే పాపం చేసేవారిని అందరి ఎదుట గద్దించమని బైబిల్లోని 1 తిమోతి 5:19-20లో పౌలు వ్రాసిన రెండు మాటలలో మేము ఇన్నాళ్లూ మొదటిదాన్నే పట్టుకున్నాము. అది నన్ను ఎంతో బాధిస్తోంది. తప్పు చేసినవారిని ముందు ఒంటరిగా కలిసి చెప్పమనే మత్తయి 18:15 ప్రకారం నేను ముందే ఒక్కడినే వెళ్లి మాట్లాడినా ఫలితం లేకపోయింది. ఈసారి ఆయన చాలాసేపు తలెత్తలేదు. చివరికి బీరువాలోంచి కానుకల పుస్తకం తీసి నా చేతిలో పెట్టారు. రేపు సాయంత్రం ఆ రెండు ఇళ్లకూ ఆయనతో కలిసి వెళ్తున్నాము.