రేడియేషన్ అయిన కంటికి ఎమ్మారై: నా అనుభవం

నా కుడి కంట్లో, రెటీనా వెనక ఉండే కోరాయిడ్ పొరలో మెలనోమా అనే క్యాన్సర్ కంతి పుట్టింది. హైదరాబాద్‌లో ప్లాక్ రేడియేషన్ చేశారు. రుథేనియం-106 అనే రేడియోధార్మిక పదార్థం పూసిన చిన్న వంపు బిళ్లని కంతి ఉన్నచోట తెల్లగుడ్డు మీద కుట్టి, కొన్ని రోజులుంచి తీసేస్తారు. ఈ బిళ్లల్ని ఇప్పుడు ముంబయిలోని బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్లు కూడా తయారుచేస్తున్నారు.

మా ఊరు పర్లాకిమిడి తిరిగొచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్లంతా అడిగింది ఒకటే: "కంతి పోయిందా అమ్మా?"

అంత తొందరగా పోదు. రేడియేషన్ తగిలిన కంతి నెలల తరబడి మెల్లగా కుంచించుకుపోతుంది. చాలామందికి చివరిదాకా ఎంతో కొంత దిమ్మె మిగిలే ఉంటుంది. అది పెరగకపోవడమే కావలసింది. ఈ మాట ముందే ఎవరైనా నింపాదిగా చెప్పి ఉంటే ఎన్నో రాత్రులు నిద్రపోయేదాన్ని.

మామూలుగా ఆ దిమ్మె ఎత్తుని కంటి అల్ట్రాసౌండ్‌తోనే కొలుస్తారు. నాకు కంటి లోపల రక్తం చిమ్మి, రెటీనా కింద నీరు చేరింది. కనిపిస్తున్న ఎత్తులో కంతి ఎంత, మిగతాది ఎంత అన్నది తేలలేదు. అందుకని ఎమ్మారై రాశారు.

మొదట వెళ్లినచోట తల మొత్తానికి తీసి పంపేశారు. ఎమ్మారై బొమ్మని పొరలు పొరలుగా, ముక్కలుగా తీస్తారు. మెదడుకి తీసే స్కాన్‌లో ఆ ముక్కలు మందంగా ఉంటాయి, కొన్ని మిల్లీమీటర్ల కంతి కొలతకి అవి పనికిరావు. డాక్టరుగారు ఫిల్ములు పక్కన పెట్టేశారు. డబ్బులు పోయినందుకు కాదు, స్కాన్‌లో తేడా తెలియడానికి ఇచ్చే కాంట్రాస్ట్ మందు ఇంజెక్షన్ మళ్లీ పొడిపించుకోవాల్సి వచ్చినందుకు బాధపడ్డాను. మీరు వెళ్తే చీటీలో "ఆర్బిట్స్ (అంటే కంటి గూళ్లు), కాంట్రాస్ట్‌తో" అని ఉందో లేదో చూసుకోండి. కంటికి పల్చటి ముక్కలు తీస్తారా అని ఫోన్‌లోనే అడగండి. పాత స్కాన్‌ల సీడీ కూడా పట్టుకెళ్లండి, పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.

రెండోసారి విశాఖపట్నం. కాంట్రాస్ట్ మందు గాడోలినియం మూత్రపిండాల గుండా బయటికి పోతుంది కాబట్టి, అవి ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష పర్లాకిమిడిలోనే చేయించుకుని, గుణుపూర్ పాసింజర్ ఎక్కాం. అక్కడ ముక్కుపుడక, మెట్టెలు, సూత్రాలు అన్నీ తీసి మా ఆయన చేతికిచ్చాను. కాటుక పూర్తిగా కడిగేయమన్నారు. కొన్ని కాటుకల్లో లోహపు పొడి ఉంటుంది, అది చిత్రాన్ని చెడగొడుతుంది.

లోపల చప్పుడు భరించొచ్చు. కష్టమల్లా కన్ను కదపకుండా ఉంచడమే. రెప్ప మూసుకున్నా గుడ్డు లోపల తిరుగుతూనే ఉంటుంది, కాస్త కదిలినా బొమ్మ అలుక్కుపోతుంది. టెక్నీషియన్ బాబు ఎంతో ఓపిగ్గా, "అమ్మా, ఆ గుర్తుకేసే చూడండి, నేను చెప్పినప్పుడే రెప్ప వెయ్యండి" అన్నాడు. కుడి కంటికి అంతా మసకే. అయినా ఎడమ కంటితో గుర్తుని పట్టుకుంటే కుడిది దాని వెంటే నిలుస్తుంది. రేడియేషన్ తర్వాత నా కన్ను పొడిబారి మండుతుంది, అందుకే లోపలికి వెళ్లే ముందు చుక్కలు వేయించుకున్నాను. అది బాగా పనికొచ్చింది.

ఫిల్ములు డాక్టరుగారు దగ్గర కూర్చోబెట్టి చూపించారు. ఎమ్మారైలో టీ1, టీ2 అని రెండు రకాల చిత్రాలుంటాయి. మెలనిన్ అనే నల్లరంగు పదార్థం ఉన్న కంతి టీ1 చిత్రంలో తెల్లగా, టీ2లో నల్లగా కనబడుతుంది. చిక్కేమిటంటే పాత రక్తం కూడా టీ1లో తెల్లగానే ఉండొచ్చు. అందుకే ఇంజెక్షన్‌కి ముందూ తర్వాతా తీసి పోలుస్తారు. కంతికి రక్తనాళాలుంటాయి, అది మందు పీల్చుకుని మెరుస్తుంది. కారిన రక్తం, నీరు మెరవవు. నాకు పైకి కనిపించిన ఎత్తులో చాలా భాగం మెరవలేదు. అడుగున దిమ్మె మాత్రం కాస్త మెరిసింది. నా ప్రాణం జారిపోయింది. ఆయన వెంటనే, "మెరిసినంత మాత్రాన బతికుందని కాదమ్మా, రేడియేషన్ తర్వాత కూడా కొంతకాలం మెరుస్తుంది" అన్నారు. కణాల మధ్య నీటి కదలికని చూపే డిఫ్యూజన్ చిత్రంలో ఆ కదలిక మునుపటి కన్నా పెరిగిందట. కణాలు చచ్చి చోటు వదులైతే అలా పెరుగుతుంది. తెల్లగుడ్డు దాటి బయటికి పాకలేదన్నది అన్నిటికన్నా పెద్ద మాట.

ఈ కంతి పాకితే ఎక్కువగా కాలేయానికే పాకుతుంది కాబట్టి, కన్ను ఎలా ఉన్నా నాకు ఆర్నెల్లకోసారి కాలేయం స్కాన్ చేయించుకోమన్నారు. ఆ స్కాన్ ఇక్కడ పర్లాకిమిడిలోనే తీయించుకుని, రిపోర్టు డాక్టరుగారికి పంపుతున్నాను.