రొయ్యల కాటా దగ్గర నాలుగు విండోలు: నా అనుభవం

కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను. చల్లారితే మర్యాదగా రాస్తాను, దానివల్ల ఎవరికీ ఉపయోగం ఉండదు.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల వ్యాపారం తెలిసినవారికి కాటా దగ్గరి సందడి గురించి చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున పట్టుబడి మొదలైతే నాలుగు చెరువుల సరుకు ఒకేసారి వచ్చి పడుతుంది. ఒకరి ట్రేలు తూకంలో ఉండగా ఇంకొకరి సరుకుకు కౌంటు తీస్తుంటారు, మరొకరు ఐసు కోసం ఎదురుచూస్తుంటారు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంటు. 60 కౌంటుకు ఒక ధర, 100 కౌంటుకు ఒక ధర. మేత అరువిచ్చిన షావుకారే సరుకు కూడా కొంటే, చీటీలో పాత బాకీ చూపించి, తగ్గించి, మిగిలింది ఇవ్వాలి. అందుకే మా షావుకారుగారికి కంప్యూటర్ తెర మీద ఒక్కో రైతుకు ఒక్కో విండో కావాలి, అన్నీ ఒకేసారి తెరిచి ఉండాలి. ఆయన మా నాన్నగారి స్నేహితులు, నేను మావయ్యగారూ అని పిలుస్తాను. ఆ వరస వల్లే ఆ ప్రోగ్రాం సరిచేసే పని నా మెడకు చుట్టుకుంది.

అంతకుముందు ఎవరో పైథాన్‌లో, విండోలు తయారుచేసే టికింటర్ వాడి, ఒక ప్రోగ్రాం రాసిచ్చి డబ్బు తీసుకుని వెళ్లిపోయారు. తెరిచి చూస్తే విండోకొకటి చొప్పున జమ1, జమ2, జమ3, జమ4 అని, విండోలోని అంకెలు లెక్కగట్టి జమ వేసే నాలుగు ఫంక్షన్లు, మొదట్లో అక్షరం పొల్లుపోని నకళ్లు. ఎప్పుడో తడి బరువు కోత (రొయ్యలకు అంటిన నీటి బరువు కింద తగ్గించేది) లెక్క మారినప్పుడు మూడింటిలో మార్చి నాలుగోది వదిలేశారు. నాలుగో విండోలో పడిన రైతుకు ప్రతిసారీ కాస్త ఎక్కువ ముట్టేది. ఎక్కువ వచ్చినవారు ఎందుకు ఫిర్యాదు చేస్తారు?

కాబట్టి నా పని ఒక్కటే: జమ ఫంక్షన్ ఒకటే ఉండాలి, ఎన్ని విండోలున్నా అన్నీ దాన్నే వాడుకోవాలి.

నకళ్లు తీసేసి ఒకటి ఉంచడం సులువుగానే అయింది. పాత ప్రోగ్రాం ప్రతి విండోకూ టీకే అనే మూల విండోను కొత్తగా సృష్టించేది. అలా చేస్తే ఒక్కొక్కటి వేరే ప్రపంచమవుతుంది. యజమాని ఎవరో చెప్పకుండా తయారుచేసిన స్ట్రింగ్‌వార్‌లన్నీ (పెట్టెల్లోని రాతను పట్టి ఉంచేవి) మొదటి ప్రపంచానికే చెందుతాయి, రెండో విండోలో పెట్టెలు ఖాళీగా కనిపిస్తాయి. టీకే ఒక్కటే ఉంచి, మిగతావి టాప్‌లెవెల్ అనే ఉపవిండోలుగా మార్చగానే అది కుదిరింది. బటన్‌లో కమాండ్ ఎదురుగా ఫంక్షన్ పేరు మాత్రమే రాయాలి, బ్రాకెట్లు పెడితే బటన్ నొక్కకముందే అది నడిచిపోతుంది. ఇది అందరూ చెబుతారు, నేనూ చెప్పాను.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఆ రోజు సరుకు తెచ్చే రైతుల జాబితా తీసుకుని, ఒక లూపులో ఒక్కొక్కరికీ విండో తెరిచి, అందులో జమ బటన్ పెట్టి, ఆ బటన్‌కు ఒక లాంబ్డా (పేరులేని చిన్న ఫంక్షన్) ఇచ్చాను: నొక్కినప్పుడు ఈ విండోతో జమను పిలువు అని. ఇంటి దగ్గర ఒక రైతు పేరుతో చూస్తే బంగారంలా నడిచింది. కాటా దగ్గర నాలుగు పేర్లు. మొదటి రైతు తూకం పూర్తయింది, గుమస్తాగారు బటన్ నొక్కారు, చీటీ వచ్చింది. ఆ పెద్దాయన కళ్లజోడు సర్దుకుని చదువుతున్నారు. చీటీ మీద పేరు నాలుగో రైతుది. తూకం సున్నా. కింద పాత మేత బాకీ, రూపాయలతో సహా, అదీ నాలుగో రైతుదే.

ఆ నాలుగో ఆయన పక్కనే నిలబడి ఉన్నారు. ఇద్దరివీ గట్టు పంచుకునే చెరువులు, ఇద్దరికీ మాటల్లేవు. పెద్దాయన ఆ అంకె చదివి నవ్వారు చూడండి, ఆ నవ్వును ఏ ప్రోగ్రాంతోనూ వెనక్కి తీసుకోలేం.

"ఏం బాబూ, నా బాకీ ఊరంతటికీ అచ్చు వేసి పంచుతున్నావా?" అన్నారు నాలుగో ఆయన. చుట్టూ ట్రేలు మోస్తున్నవాళ్లు కూడా ఆగి చూశారు. మావయ్యగారు ఏమీ అనకుండా బల్ల సొరుగులోంచి ఎర్ర అట్ట పుస్తకం తీశారు. గుమస్తాగారి ముఖంలో ఆ ఆనందం నేను మరిచిపోను. కంప్యూటర్ వచ్చినప్పటి నుంచి ఆయన ఈ రోజు కోసమే కాచుకుని ఉన్నారు.

రెండో విండో నొక్కినా నాలుగో రైతే. మూడోది నొక్కినా నాలుగో రైతే. తప్పుల జాబితాలో ఒక్క పంక్తి లేదు, ప్రోగ్రాం ఎక్కడా ఆగలేదు. అబద్ధాన్ని ఇంత ధీమాగా చెప్పే యంత్రాన్ని నేను అంతకుముందు చూడలేదు.

నేను చదువుకున్న కోచింగ్ సెంటర్‌కు ఫోను చేశాను. ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు తప్ప మరేమీ చెప్పని చోటు అది. ఆ మాస్టారు ఒక్క క్షణం ఆలోచించకుండా, "ప్రస్తుత విండో అని ఒక గ్లోబల్ వేరియబుల్ పెట్టండి, ఏ విండో మీద క్లిక్ చేస్తే దాన్ని అందులో వేయండి" అన్నారు. గ్లోబల్ అంటే ప్రోగ్రాంలో ఎక్కడి నుంచైనా కనిపించే ఒకే ఒక్క పేరు. వేశాను. నడిచినట్టే కనిపించింది. కానీ కరెంటు పోతే రాసింది పోకూడదని ప్రతి నిమిషమూ తనంతట తానే భద్రపరిచే ఏర్పాటు ఒకటి ఉంది, ఆఫ్టర్ అనే గడియారంతో. అది మోగే సమయానికి గుమస్తాగారు వేరే విండోలో టైపు చేస్తుంటే, ఆ అంకెలు తీసుకెళ్లి మొదటి రైతు ఫైలులో పెట్టేది. ప్రస్తుత విండో అంటే ఎప్పటి ప్రస్తుతం? బటన్ పెట్టినప్పటిదా, నొక్కినప్పటిదా, గడియారం మోగినప్పటిదా? ఈ ప్రశ్న వేసుకోకుండా గ్లోబల్ వేరియబుల్ సలహా ఇచ్చేవారికి ఫీజు కట్టకండి. నేను కట్టాను, రసీదు కూడా ఉంది.

కారణం తర్వాత తెలిసింది. లాంబ్డా తనలోకి విండోను తీసుకోదు, విండో అనే పేరును మాత్రమే గుర్తుంచుకుంటుంది. ఆ పేరు ఎవరిని సూచిస్తోందో నొక్కినప్పుడు వెళ్లి చూస్తుంది. అప్పటికి లూపు ఎప్పుడో ముగిసింది, ఆ పేరు చివరి విండో దగ్గర ఆగిపోయింది. నాలుగు బటన్లూ ఆ ఒక్క పేరునే అడుగుతున్నాయి. జాబితాలో ఒక్కరే ఉంటే మొదటివారూ చివరివారూ ఒకరే కాబట్టి ఇంటి దగ్గర అది కనిపించే అవకాశమే లేదు.

దీనికి అందరూ చెప్పే చిట్కా, లాంబ్డాకు డిఫాల్ట్ విలువగా (ఎవరూ ఏమీ ఇవ్వకపోతే వాడుకునేది) విండోను ఇవ్వడం. డిఫాల్ట్ విలువ లాంబ్డా తయారైన క్షణంలోనే స్థిరపడుతుంది కాబట్టి బటన్లు దారికొచ్చాయి. కానీ గుమస్తాగారు మౌస్ ముట్టుకోరు, ఎంటర్ నొక్కుతారు. ఎంటర్ కోసం, మీటను ఫంక్షన్‌కు కలిపే బైండ్ వాడాలి, బైండ్ తాను పిలిచే ఫంక్షన్‌కు ఏం నొక్కారో చెప్పే ఈవెంట్ అనే వస్తువును మొదటి స్థానంలో అందిస్తుంది. అది సరిగ్గా వచ్చి డిఫాల్ట్ విండో ఉన్న చోట కూర్చుంటుంది. మౌస్‌తో నొక్కితే సరైన చీటీ, ఎంటర్ కొడితే ఎర్రర్! ఈ చిట్కా రాసినవారిలో సగం మంది ఈ ముక్క చెప్పరు, ఎందుకంటే వారు ఒక బటన్ దాటి వెళ్లలేదు.

పైథాన్‌తోనే వచ్చే ఫంక్‌టూల్స్‌లోని పార్షియల్ ఇంతకంటే నిజాయతీగలది. జమనూ ఒక విండోనూ అక్కడికక్కడే ముడివేసి కొత్త ఫంక్షన్‌గా ఇస్తుంది, ఈవెంట్ వస్తే విండో తర్వాతి స్థానంలోకి వెళ్తుంది. జమలో ఆ స్థానాన్ని ఈవెంట్ కోసం, ఏమీ రాకపోయినా నడిచేలా, వదిలిపెడితే బటన్, ఎంటర్, గడియారం మూడూ ఒకే ఫంక్షన్‌తో నడుస్తాయి.

చివరికి నేను క్లాసు రాశాను, అంటే వస్తువులు పోసే అచ్చు. ఒక్కో విండో ఒక్కో వస్తువు. దాని పెట్టెలు, రైతు పేరు, బాకీ అన్నీ దాని సెల్ఫ్‌లో, అంటే ఆ వస్తువులోనే, ఉంటాయి. బటన్‌కు సెల్ఫ్.జమ అని ఇస్తే ఆ జమ తన విండోను వెంటబెట్టుకునే వెళ్తుంది. హైదరాబాద్‌లో వెబ్ పని చేసే మా తమ్ముడు ఇది విని నిట్టూర్చాడు. జావాస్క్రిప్ట్‌లో మెథడ్‌ను (వస్తువుకు చెందిన ఫంక్షన్‌ను) బటన్‌కు ఇస్తే అది తన వస్తువును మరిచిపోతుందట. ఆ భాషకు 2009 నాటి రూపమైన ఈఎస్5లో వచ్చిన బైండ్‌తోనో (టికింటర్ బైండ్ వేరు), 2015లో వచ్చిన యారో ఫంక్షన్లతోనో కట్టి పంపాలి. పైథాన్‌లో ఆ కట్టు ముందే పడి ఉంటుంది.

ఇందులో నేను గొప్పగా చెప్పుకునేది ఇంకొకటి. కోత లెక్క, కౌంటు ధర లెక్క ఈ క్లాసులో లేవు, బయట విడిగా ఉన్నాయి. అంకెలు ఇస్తే అంకె వస్తుంది, విండో అనే మాటే వాటికి తెలియదు. విండో అక్కర్లేని ఫంక్షన్‌కు దాన్ని అంటగట్టకూడదు. మొన్న కోత మళ్లీ మారినప్పుడు ఒక్క పంక్తి మార్చాను, నాలుగు విండోలూ మారాయి.

విండో మూసేటప్పుడు దాని గడియారాన్ని కూడా రద్దు చేయండి. లేకపోతే లేని పెట్టెలోకి చూడబోయి ఎర్రర్లు కురిపిస్తుంది. పరీక్షించేటప్పుడు మూడు విండోలు తెరిచి, మూడింటిలో వేర్వేరు అంకెలు వేసి, మొదటిది నొక్కండి. మూడోది నొక్కి సంతోషపడితే ఏమీ తెలియదు.

నిన్న నాలుగు చెరువుల సరుకూ సరైన పేర్లతో, సరైన బాకీలతో చీటీలైంది. గుమస్తాగారు ప్రతి చీటీనీ ఎర్ర పుస్తకంతో సరిపోల్చి, ఒక్క తప్పూ దొరక్క, అక్షరాలు మరీ చిన్నవిగా ఉన్నాయన్నారు. అక్షరాల పరిమాణం కూడా ఒకే చోట ఉంది, ఆయన చూస్తుండగానే పెంచాను.